ఎనిమిది వేస్తే చాలా?

మా మేనల్లుడికి పద్దెనిమిది నిండాయి. లైసెన్సు కోసం ఎనిమిది వేయడం నేర్పమని మా అక్క నా దగ్గరికి పంపింది. కాలు కింద పెట్టకుండా ఒక్క పూటలో వేసేశాడు. రాకేం? పదో తరగతి నుంచే స్కూటీ మీద ట్యూషన్‌కి తిరుగుతున్నాడాయె. పదహారేళ్లకి చట్టం ఒప్పుకునేది గేర్లు లేని 50 సీసీ లోపు బండిని. మన ఇళ్లలో ఉండేవేమో 110, 125 సీసీవి. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ఇదంతా అప్పట్లోనే చెబితే, "సందు చివరికేగా రా" అంది అక్క.

గాజువాకలో సందు చివర ఉండేది 16వ నంబరు జాతీయ రహదారి. ఉక్కు కాయిల్స్ ట్రైలర్లు, పోర్టు కంటెయినర్లు, సిటీ బస్సులు, కాలేజీ కుర్రాళ్ల బండ్లు, అన్నీ ఆ దారినే.

అందుకే వాణ్ణి మళ్లీ గ్రౌండుకి తీసుకెళ్లలేదు. రోడ్డు వార ఆగి ఉన్న ట్రైలర్ దగ్గరికి తీసుకెళ్లాను. శ్రీకాకుళం వైపు డ్రైవరు, టీ తాగుతున్నాడు. అడగ్గానే వాణ్ణి తన సీట్లో కూర్చోబెట్టి, స్కూటీని ఎడమ తలుపు పక్కన ఆనించినట్టు పెట్టించాడు.

"ఏటి బాబూ, నీ బండి ఎక్కడుందో సెప్పు సూద్దాం."

వాడు అద్దంలో వెతికాడు. అవతలి కిటికీ వైపు మెడ సాచాడు. కనిపిస్తేగా! సీట్లోంచి లేచి ఒంగితే తప్ప హ్యాండిల్ కొస కూడా కనపడలేదు.

మలుపు సంగతీ ఆయనే చెప్పాడు. ఎడమకి తిరగాలంటే ముందు కాస్త కుడికి జరగాలట. వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎడమన ఆ ఖాళీ కనపడగానే మనకే దారిచ్చాడనుకుని దూరిపోతారు కుర్రాళ్లు. అరవైలో పోయే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు గుర్తొచ్చేసరికే చక్రాల కింద ఉంటారు.

ఎనిమిదిలో ఇదెక్కడుంది? లైసెన్సులిచ్చే గ్రౌండులో ఓ పాత లారీ నిలబెట్టి, వచ్చిన ప్రతివాణ్ణీ ఐదు నిమిషాలు క్యాబిన్ ఎక్కించాలంటాను. పోర్టు ఉన్న ఊళ్లో పాత లారీలకేం కొదవ!