గాజుపలకా, గాజుపూసా? వింత పదార్థాల స్పర్శఫలకాలపై ఒక పరిశీలన

వేలు తాకగానే బొమ్మ మార్చే గాజుపలక నేడు మన దైనందిన జీవితంలో భాగమైపోయింది. బ్యాంకు యంత్రం మొదలు జేబులోని ఫోను వరకు, రైల్వేస్టేషను మొదలు పురావస్తుశాల వరకు టచ్‌స్క్రీన్ కానరాని చోటు అరుదు. అయితే ప్రపంచంలోని కొన్ని ప్రయోగశాలలు రెండు దశాబ్దాలకు పైగా ఈ గాజుపలకనే ప్రశ్నిస్తూ వచ్చాయి. మంచుగడ్డ, నీరు, సబ్బుపొర, మన్ను, ఇసుక వంటి పదార్థాలను స్పర్శఫలకాలుగా మలచి చూశాయి. ఇవి కేవలం సాంకేతిక వినోదాలా, లేక సంస్కృతికి ఉపకరించే సాధనాలా అన్నది విచారించవలసిన విషయం. పుదుచ్చేరి ప్రాంతంలోని అరియాంకుప్పం వంటి చారిత్రక స్థలానికి ఈ విచారణ మరింత అవసరం. అక్కడ చూడడానికి మిగిలింది తక్కువ, తాకి తెలుసుకోవలసింది ఎక్కువ.

చేతికి దొరికిన చరిత్ర

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు ఉంది. ప్రాచీన గ్రీకు నావికా గ్రంథం 'పెరిప్లస్' పేర్కొన్న పొదుకే రేవు ఇదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. 1937లో ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రే ఇక్కడి పిల్లల వద్ద ఒక చెక్కడపు రాయిని సంపాదించి, దానిపై ఉన్నది రోమన్ చక్రవర్తి అగస్టస్ ముఖమని భావించాడు. ఈ స్థలచరిత్రలోని ఒక ముఖ్యఘట్టం పిల్లల అరచేతిలోనే మొదలైందన్నమాట.

1945లో మార్టిమర్ వీలర్, 1947 నుంచి 1950 వరకు జాన్ మరీ కసాల్, 1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లే ఇక్కడ తవ్వకాలు నిర్వహించారు. ఇటలీలోని అరెజ్జో పేరుతో ప్రసిద్ధమైన ఎర్రని మెరుగుపాత్రల పెంకులు ఇక్కడ లభించాయి. వాటి కాలం ముందే తెలుసు కనుక, అవి దొరికిన మట్టిపొరల కాలాన్ని, ఆ పొరలలోని దేశీయ పాత్రల కాలాన్ని వీలర్ అంచనా కట్టగలిగాడు. లోపల వలయాలుగా సన్నని గాట్లు ఉండే 'రౌలెటెడ్' పాత్రలు ఆ విధంగా దక్షిణ భారత పురావస్తు శాస్త్రానికి ఒక కొలబద్ద అయినాయి. మన అమరావతి, శాలిహుండం వంటి చోట్ల లభించిన అదే జాతి పెంకులకు ఇక్కడితో గల సంబంధం తెలుగు పాఠకులు గమనింపదగినది.

అరికమేడు మరొక కీర్తి గాజుపూసలది. కరిగిన గాజును బోలుగొట్టంగా లాగి, ముక్కలు చేసి పూసలు తయారుచేసే పద్ధతికి ఇది ప్రముఖ కేంద్రం. పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ 'ఇండో-పసిఫిక్ పూసలు' అని పేరు పెట్టిన ఈ రకం ఆగ్నేయాసియా నుంచి ఆఫ్రికా వరకు లభించింది. ఆ ప్రాచీన పద్ధతి 20వ శతాబ్దిలోనూ సజీవంగా ఆయనకు కనిపించినది మన తిరుపతి సమీపంలోని పాపానాయుడుపేటలో. ఇనుపగొట్టం చుట్టూ గాజుముద్దను పెట్టి కొలిమిలో ఉంచి, దాని కొసను పట్టి సన్నని గొట్టంగా లాగుతారు. దానిని చిన్న ముక్కలు చేసి, బూడిద కలిపి తిరిగి వేడిచేసి అంచులు నునుపు చేస్తారు. గాజు ఎంత మెత్తబడిందో, ఎంత వేగంగా లాగాలో నిర్ణయించేది పనివాని చేతి అనుభవం.

ఇంతటి చరిత్ర ఉన్న చోట నేడు నేలపై కనిపించే ఇటుక గోడలు 18వ శతాబ్ది ఫ్రెంచి మిషనరీ కట్టడానివి. రోమన్ వాణిజ్యపు ఆనవాళ్లు మట్టి కిందనో, మ్యూజియం అద్దాల వెనుకనో ఉన్నాయి.

గాజుపలక చెప్పేదెంత?

వేలు తాకితే స్పందించే తెరను గూర్చి 1965లో ఇంగ్లండులోని మాల్వెర్న్ రాడార్ పరిశోధన సంస్థకు చెందిన ఇ. ఎ. జాన్సన్ ప్రకటించాడు. 1970 దశకంలో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాకేంద్రంలో కణత్వరణ యంత్రాల అదుపుకు ఇటువంటి తెరలను వాడారు. 1982లో టొరంటో విశ్వవిద్యాలయంలో నిమిష్ మెహతా, గరుకుగాజు వెనుక కెమెరా అమర్చి, ఒకేసారి పలు వేళ్లను గుర్తించే ఏర్పాటు చేశాడు.

నేటి తెరలలో అధికభాగం పనిచేసే సూత్రం సరళమైనది. గాజు కింది పారదర్శక వాహకపు పొరలో స్వల్ప విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన వేలు కూడా విద్యుద్వాహకమే కనుక, తాకినచోట ఆ క్షేత్రం మారుతుంది. యంత్రం గ్రహించేది ఆ తావును. వేలికి మాత్రం తెలిసేది ఎల్లప్పుడూ ఒకే నునుపు, ఒకే చల్లదనం. తెరపై ఉన్నది కుండపెంకైనా, పట్టుచీరైనా, పులిచర్మమైనా వేలికి గాజే. ఇట్టి స్పర్శను స్పర్శ అనడం కంటె చూపుకు చేసే సేవ అనడం సమంజసం. ఈ లోపమే ప్రయోగశీలురను ఇతర పదార్థాల వైపు మళ్లించింది.

మంచు, సబ్బు, నీరు

2010లో నోకియా పరిశోధకులు ఫిన్లండులో మంచుదిమ్మెలతో గోడ కట్టి దానిని స్పర్శఫలకంగా మార్చారు. వెనుక నుంచి పరారుణ కాంతిని ప్రసరింపజేస్తే, మంచును తాకిన చేతి నుంచి అది తిరిగివస్తుంది. కెమెరాలు దానిని పసిగట్టగా, చేయి పెట్టినచోట మంటల బొమ్మ వెలుగుతుంది. తమ దేశంలో శీతకాలమంతా విరివిగా దొరికే పదార్థాన్నే ఎన్నుకోవడం ఇందులోని ఔచిత్యం. చేతికి చలి తగులుతుంది, చేతి వేడికి మంచు కరుగుతుంది, అనగా పదార్థం బదులు పలుకుతున్నది. కాని ఆ చలికి, ఆ మంటల బొమ్మకు వైరుధ్యపు చమత్కారం తప్ప వేరు సంబంధం లేదు. చూసినవాడు ఆశ్చర్యపడతాడు, తెలుసుకొనేది స్వల్పం.

2012లో జపానుకు చెందిన యోయిచి ఒచియాయ్, ఆయన సహచరులు సబ్బుపొరపై బొమ్మను ప్రసరింపజేశారు. వినరాని ధ్వనితరంగాలతో పొరను కంపింపజేసి, అది కాంతిని పరావర్తనం చేసే తీరు మార్చడం ద్వారా, బొమ్మలోని వస్తువు నునుపుదో గరుకుదో కంటికి స్ఫురింపజేశారు. పదార్థగుణాన్ని చూపించాలన్న తపన ఇందులో మెచ్చదగినది. అయితే పొడి చేయి సోకితే చిట్లే పొర స్పర్శకు తగిన ఆధారం కాజాలదు. ఇది కంటికి చేసిన విందు మాత్రమే.

టోక్యోలోని ఎలక్ట్రో కమ్యూనికేషన్స్ విశ్వవిద్యాలయం వారి 'ఆక్వాటాప్' నీటిని తెరగా వాడింది. తొట్టెలోని నీటిని తెల్లబరచి పైనుంచి బొమ్మను ప్రసరింపజేస్తారు. నీటి అడుగు నుంచి పైకి పొడుచుకు వచ్చిన వేళ్లను, దోసిట పట్టిన నీటిని లోతు కొలిచే కెమెరా గుర్తిస్తుంది. దోసిట నీరు పట్టడం మనకు తర్పణం నుంచి దాహం తీర్చుకోవడం వరకు పరిచితమైన చేష్ట. అందువల్ల ఇది మంచుగోడ కంటె చేతికి దగ్గరైనది. కాని నీటిపై చేతిజాడ నిలువదు. జాడ నిలువని చోట ఆట సాగుతుంది, పని సాగదు.

మన్ను, ఇసుక, పూస

జాడ నిలిచే పదార్థం మన్ను. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో హిరోషి ఇషీ నాయకత్వాన సాగిన కృషి ఈ దిశలో అన్నింటికంటె లోతైనది. చిన్ననాట తాను ఆడుకున్న పూసల లెక్కపలకను ఆయన తన ఆలోచనకు మూలంగా పలుమార్లు చెప్పుకున్నాడు. అందులో తాకేది, చూసేది, లెక్కించేది ఒకే పూస. 2002లో బెన్ పైపర్, కార్లో రట్టి, ఇషీ ప్రకటించిన 'ఇల్యూమినేటింగ్ క్లే'లో బంకమన్ను నమూనాను చేతితో మలుస్తుంటే, పైనున్న లేజరు ఆ రూపాన్ని కొలుస్తుంది. వాలు ఎంత, నీడ ఎటు పడుతుంది, నీరు ఎటు పారుతుంది అన్నవి ఆ మన్నుమీదే వెలుగుబొమ్మగా కనిపిస్తాయి.

దీని తోబుట్టువు 'శాండ్‌స్కేప్'. పేరుకు ఇసుకే అయినా ఇందులో వాడినవి సుమారు 1 మిల్లీమీటరు వ్యాసం గల గాజుపూసలు. వాటి కింద 600 పరారుణ దీపాలు ఉంటాయి. పూసలు ఎత్తుగా ఉన్నచోట తక్కువ కాంతి, లోతుగా ఉన్నచోట ఎక్కువ కాంతి పైకి వస్తుంది. పై కెమెరా ఆ తేడాను బట్టి ఎత్తుపల్లాలను లెక్కగట్టగా, దానికి తగిన బొమ్మ పూసలపై పడుతుంది. చేతికీ కంటికీ మధ్య అడ్డుగా ఉన్న గాజుపలక ఇక్కడ పొడిపూసలై చేతిలోకి వచ్చింది. రెండు వేల ఏళ్ల నాడు గాజును పూసలుగా మలచిన రేవుకు ఇంతకంటె తగిన ఫలకం ఊహించడం కష్టం.

ఈ సాధనాలకూ పరిమితులున్నాయి. పైనుంచి చూసే కెమెరాకు ప్రతి బిందువు వద్ద ఒక ఎత్తే తెలుస్తుంది. గుహను గాని, కమానును గాని అది గ్రహించలేదు. పొడిపూసలు నిటారుగా నిలువవు కనుక, పురావస్తు శాస్త్రజ్ఞుని కందకపు నిలువుగోడను వాటితో కట్టలేము. ఆ గోడలోనే గదా పొరల కథ ఉండేది! ఇవి మరువరాని లోపాలు.

అయినా ఒక గుణం వీటన్నింటినీ మించినది. అసలు తవ్వకం ఒక్కసారే జరుగుతుంది. తీసిన పొరను తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు. పూసల పెట్టెలో తవ్విన గుంటను అరచేతితో చదును చేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎంత లోతున ఏ పొర ఉన్నదో, ఆ పొరలో ఏ పెంకు దొరికిందో బొమ్మగా అమర్చినట్లయితే, కాలనిర్ణయం ఎట్లా జరుగుతుందో అరియాంకుప్పం బడిపిల్ల తన చేతితోనే గ్రహించగలదు. ఇది అతి వ్యయసాధ్యం కూడా కానక్కరలేదు. 2012 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో ఆలివర్ క్రైలోస్ రూపొందించిన ఇసుకపెట్టె ఇంటి ఆటయంత్రపు కెమెరా, మామూలు ప్రొజెక్టరు, అసలైన ఇసుక చాలునని నిరూపించింది. దాని సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా అందరికీ ఇచ్చారు.

ముట్టరాదన్న పలక

మ్యూజియం గోడపై 'ముట్టరాదు' అని రాయడానికి న్యాయమైన కారణం ఉంది. చెమట, రాపిడి ప్రాచీన వస్తువులను నశింపజేస్తాయి. అయినా ఆ మాటకు మన సమాజంలో వేరొక చేదుచరిత్ర ఉన్నదని, రాజ్యాంగపు 17వ అధికరణం దానిని నిషేధించవలసి వచ్చిందని మరువరాదు. కాపాడడానికి రాసిన పలక దూరం పెట్టే పలకగా మిగిలిపోకుండా చూడవలసిన బాధ్యత ప్రజాసంస్థలది.

ముఖ్యంగా చూపులేని వారి విషయం ఆలోచింపదగినది. అద్దపు పెట్టె పక్కన గాజుతెరను నిలిపితే వారికి ఒక గాజు బదులు రెండు గాజులు అడ్డుపడతాయి. ఢిల్లీ జాతీయ మ్యూజియంలో 2015లో ఏర్పడిన 'అనుభవ్' విభాగం ఈ లోటును గుర్తించింది. 22 కళాఖండాల నమూనాలను చేతితో తడిమి, బ్రెయిలీ వివరణతో, శ్రవణ వ్యాఖ్యతో తెలుసుకొనే ఏర్పాటు అది. విద్యుత్ దీపాలతో చేసిన చమత్కారమేదీ లేకున్నా, స్పర్శ అన్న మాటకు అది చేసిన న్యాయం మంచుగోడ చేసినదానికంటె గొప్పది. వెలుగుబొమ్మ మీద ఆధారపడిన పూసలపెట్టె కూడా చూపులేని వారికి ఎత్తుపల్లాలను మాత్రమే అందించి, మిగిలినది దాచుకుంటుంది. దానికి ధ్వని జోడించనిదే అది సంపూర్ణం కాదు.

కాబట్టి ఇట్టి ప్రదర్శనలపై ప్రజాధనం వెచ్చించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పదార్థం చేతికి బదులు చెబుతున్నదా? ఆ బదులుకు చెప్పదలచిన విషయంతో సంబంధం ఉన్నదా? పాడైతే ఊరివారు బాగుచేసుకోగలరా? మంచుగోడ మొదటి ప్రశ్నలో నెగ్గి రెండవదానిలో ఓడుతుంది. సబ్బుపొర మొదటిదానిలోనే ఓడుతుంది. గోడకు బిగించిన గాజుతెర మూడింటా ఓడుతుంది. ఇసుకపెట్టె, పూసలపెట్టె మాత్రం కొంత సవరణతో మూడింటా నిలువగలవు.

అరికమేడు కథ చెప్పడానికి కావలసిన పదార్థాలు దూరదేశం నుంచి రానక్కరలేదు. మట్టిబొమ్మల పనికి భౌగోళిక గుర్తింపు పొందిన విల్లియనూరు కుమ్మరులు ఇదే ప్రాంతంలో ఉన్నారు. రౌలెటెడ్ పాత్రల నమూనాలను వారిచేత చేయించి పిల్లల చేతికి ఇవ్వవచ్చు. పాపానాయుడుపేట పద్ధతిలో చేసిన పూసలను పెట్టె నిండా పోయవచ్చు. యంత్రం వాటిపై వెలుగు ప్రసరింపజేస్తే చాలు. యానాం నుంచి వచ్చిన తెలుగు విద్యార్థికి, అరియాంకుప్పం తమిళ విద్యార్థికి ఆ పెట్టె వద్ద వ్యాఖ్యానపు భాష వేరుకావచ్చు, వేళ్ల సందున జారే పూస ఒకటే. నూతన సాంకేతికత వింతపదార్థాన్ని వెదకడంలో కనబరచిన ఉత్సాహాన్ని, తగిన పదార్థాన్ని ఎన్నుకోవడంలోనూ కనబరచినపుడే దానికి సంస్కృతిలో స్థానం లభిస్తుంది.