జడ్జి చూసిన మనిషి, ఫైలు చూసిన మనిషి

శిక్ష విషయంలో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెండు కేసుల్ని పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి 1974 ఫిబ్రవరి నాటి ఈడిగ అనమ్మ కేసు. రెండోది 2006 అక్టోబరు 11న తీర్పు వచ్చిన ఏపూరు సుధాకర్ కేసు, అచ్చంగా కర్నూలు జిల్లాది. రెండింటిలోనూ అసలు ప్రశ్న నేరం చేసిన మనిషి ఎలాంటివాడన్నదే. జవాబు రాసిన చేతులే వేరు.

అనమ్మ వయసు ఇరవై నాలుగు. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు, చంకలో బిడ్డ. అసూయతో మరో స్త్రీని, ఆమె పసిబిడ్డను చంపింది. సెషన్స్ కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని జీవిత ఖైదుగా మార్చారు. కొత్త నేర విచారణ స్మృతి అమలుకు అప్పటికి ఇంకా నెలన్నర ఉంది. అయినా అది ఎటు మొగ్గిందో ఆయన ముందే చదివారు: హత్యకు జీవిత ఖైదు మామూలు శిక్ష, ఉరి వెయ్యాలంటే ప్రత్యేక కారణం రాయాలి. ఆ తర్వాత నేరాన్నే కాదు, నేరం చేసిన మనిషినీ చూశారు. ఆమె వయసు, ఇల్లు పోవడం, బిడ్డ, రెండేళ్లకు పైగా ఉరిగదిలో గడిపిన భయం, అన్నీ లెక్కలోకి తెచ్చారు.

నాకు ఆ తీర్పులో నచ్చనిది కూడా ఉంది. ఆడది కావడాన్నే ఒక సడలింపుగా చెప్పడం, ఆమె కామాన్ని గురించి అంత ధీమాగా రాయడం ఇవాళ చదివితే ఇబ్బందిగా ఉంటుంది. చనిపోయిన పసిబిడ్డ వైపు నిలబడి మాట్లాడిన వాక్యాలు చాలా తక్కువ. కానీ ఇలా తప్పుపట్టే వీలు మనకు ఎందుకుంది? కారణాలన్నీ ఆయన బయటపెట్టి రాశారు కాబట్టి.

కర్నూలు కేసులో ఆ వీలు చాలా ఆలస్యంగా దొరికింది. 1995 నాటి హత్య కేసులో కాంగ్రెస్ నాయకుడు గౌరు వెంకటరెడ్డికి పడిన పదేళ్ల శిక్ష సుప్రీంకోర్టు దాకా వెళ్లినా నిలిచింది. ఆయన భార్య 2005 నాటికి నందికొట్కూరు ఎమ్మెల్యే, ప్రభుత్వం వాళ్ల పార్టీదే. ఆ ఏడాది ఆగస్టులో గవర్నర్ సుశీల్ కుమార్ షిండే, 161వ అధికరణం కింద మిగిలిన శిక్షను రద్దు చేశారు. హతుడి కుటుంబానికి చెందిన సుధాకర్ కోర్టుకెక్కాకే ఫైలు తెరుచుకుంది. అందులోని నివేదికల్లో ఖైదీ మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట కూడా ఒక అర్హతలా కనిపించింది.

జస్టిస్ పసాయత్ రాసిన తీర్పులో కృష్ణయ్యర్ ఒడుపు లేదు. పాత తీర్పుల ఉటంకింపులతో బరువుగా నడుస్తుంది, చదవడానికి ఓపిక కావాలి. చెప్పింది మాత్రం సూటిగా ఉంది. క్షమాభిక్షకు పార్టీ విధేయత ప్రాతిపదిక కాకూడదు, సంబంధం లేని విషయాల మీద నడిచిన ఉత్తర్వు నిలవదు. ఉత్తర్వు కొట్టేసి, కావాలంటే దరఖాస్తును మళ్లీ మొదటి నుంచి పరిశీలించుకోమన్నారు. జస్టిస్ కపాడియా విడిగా రాసిన కొద్ది పేజీలే నాకు ఎక్కువ విలువైనవి. శిక్ష తగ్గించేవాళ్లు హతుడి కుటుంబం మీద, సమాజం మీద, రేపటి కేసుల మీద దాని ప్రభావం ఏమిటో చూడాలన్నారు ఆయన. ఫ్యాక్షన్ ఊళ్లలో ఈ మాట ఉత్త సిద్ధాంతం కాదు. జైలు నుంచి ఎవరు ఎప్పుడు వస్తారన్నదాన్ని బట్టే అవతలివర్గం ఊళ్లో ఉండాలా, కర్నూలుకో కడపకో కాపురం మార్చాలా అన్నది తేలుతుంది.

భయం చెప్పడానికే శిక్ష అన్న వాదన రాయలసీమకు కొత్తదేమీ కాదు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కుంఫిణీవాళ్లు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం ముందు ఉరితీశారు. ఆయన తల 1877 దాకా కోట గుమ్మానికి వేలాడిందంటారు. ఆ శిక్షకు గురి, దాన్ని చూస్తున్న జనమే. ఫ్యాక్షన్ కేసుల్లో కఠిన శిక్ష కోరే ప్రాసిక్యూటర్లు ఇప్పటికీ ఆ జనాన్నే చూపిస్తారు. అనమ్మ తీర్పు చూపును జనం మీద నుంచి బోనులోని మనిషి మీదికి తిప్పింది. కర్నూలు ఫైలు కూడా మనిషినే చూశానంది, చూసింది మాత్రం ఆయన జెండాను.

దోషి అని తేలాక శిక్ష మీద విడిగా వినాలని 1973 స్మృతిలోని 235(2) సెక్షన్ చెప్పింది. ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 258(2). ఆచరణలో చాలాసార్లు జరిగేది, ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడగడం, ముసలి తల్లి ఉంది, చిన్నపిల్లలున్నారు అని ముద్దాయి అనడం. తీర్పులో దానికి రెండు వాక్యాలు. ఉరి పడే అవకాశం ఉన్న కేసుల్లో ముద్దాయి గతం, మానసిక స్థితి, జైలు నడవడి మీద నివేదికలు విచారణ దశలోనే తెప్పించాలని సుప్రీంకోర్టు 2022లో మనోజ్ కేసులో చెప్పింది. మిగిలిన కేసుల్లో పేద ముద్దాయి బతుకు గురించి విచారించి రాసే అధికారి మామూలుగా ఎవరూ ఉండరు. 2005లో కర్నూలులో ఒక నాయకుడి కోసం ఆ విచారణంతా జరిగింది, జిల్లా అధికారుల నివేదికలు వరసగా హైదరాబాదు చేరాయి.