పులిరాజా ప్రశ్నలో ఆమె ఎక్కడ?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాతి తొలి ఏళ్లు గుర్తున్నవాళ్లకి ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న హోర్డింగులూ గుర్తుంటాయి. నలుగురిలో పలకడానికి సిగ్గుపడే మాటని ఆ ప్రచారం వీధిలోకి తెచ్చింది. ఆ మేలుని కాదనక్కర్లేదు. కానీ ఆ ఒక్క వాక్యాన్ని స్త్రీల వైపు నుంచి చదివితే అందులో రెండు ఖాళీలు కనిపిస్తాయి.

మొదటిది: ఒకరి నుంచి ఒకరికి సోకేది ఎయిడ్స్ కాదు, హెచ్‌ఐవి. సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు వచ్చి తగ్గిపోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. వైద్యం అందకపోతే రోగనిరోధక శక్తి క్రమంగా పడిపోతుంది. సిడి4 కణాల సంఖ్య 200 కన్నా తగ్గినప్పుడో, కొన్ని తీవ్రమైన జబ్బులు చుట్టుముట్టినప్పుడో దాన్ని ఎయిడ్స్ అంటారు. ‘ఎయిడ్స్ వస్తుందా’ అని అడిగినంతకాలం మనం చిక్కిశల్యమైన మనిషి కోసమే వెతుకుతాం. ఆరోగ్యంగా కనిపించే భర్త మీదికి ఎవరి చూపూ పోదు.

రెండో ఖాళీ పులిరాజా భార్య. అతనికి వస్తుందా అన్నదే ప్రశ్న గానీ, అతని నుంచి ఆమెకి సోకుతుందా అన్నది కాదు. కండోమ్ వాడమంటే ‘నన్ను అనుమానిస్తున్నావా’ అన్న మాట పడాల్సిన ఇంట్లో, జాగ్రత్త ఆమె చేతిలో లేదు. పైగా గర్భిణులకు పరీక్ష చేస్తారు కాబట్టి చాలా ఇళ్లలో ముందు బయటపడేది ఆమె రక్తంలోనే. ముందు తెలిసిన మనిషే ముందు అంటించిన మనిషి అయిపోతుంది.

మన భాష కూడా ఈ నిందకి సాయం చేస్తోంది. లైంగికంగా సోకే జబ్బుల్ని మనం ‘సుఖవ్యాధులు’ అన్నాం. ఎవరి సుఖం? కాదనే వీలు లేని పడకలో జబ్బు మాత్రమే మిగిలిన స్త్రీకి ఆ మాట ఎంత క్రూరమైనదో ఆలోచించామా? క్రియల్లోనూ తేడా ఉంది. అతనికి జబ్బు ‘వచ్చింది’, ఆమె ‘తెచ్చుకుంది’.

ఈలోగా వైద్యం చాలా దూరం వచ్చింది. మన దేశంలో ఉచిత ఎఆర్‌టి మందులు 2004 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. 2017 నుంచి సిడి4 లెక్కతో పని లేకుండా సోకిన ప్రతి ఒక్కరికీ ఇవ్వాలన్నది విధానం. వైరస్‌ని పూర్తిగా తీసేసే మందు లేదు గానీ, రోజూ మందు వేసుకుంటూ రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తక్కువ స్థాయిలో నిలిస్తే, లైంగికంగా మరొకరికి సోకదు. వైద్యం లేనప్పుడు తల్లి నుంచి బిడ్డకి 15 నుంచి 45 శాతం వరకూ ఉండే ప్రమాదాన్ని వైద్యంతో 5 శాతం కన్నా తగ్గించవచ్చు. పక్కన కూర్చోవడం వల్లా, కలిసి తినడం వల్లా, దోమకాటు వల్లా సోకదని ఇంకా చెప్పాల్సి రావడమే విషాదం.

2017లో చేసిన హెచ్‌ఐవి చట్టం, ఆమెని ఉంటున్న ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదంది. విషయం భాగస్వామికి తెలిస్తే హింసో, గెంటివేతో జరుగుతుందన్న భయం ఉన్నప్పుడు, ముఖ్యంగా స్త్రీల విషయంలో, వైద్యులు చెప్పకూడదనీ అంది. నిజం బయటపడితే దెబ్బలు ఎవరికి పడతాయో చట్టానికి కూడా తెలుసన్నమాట.

మన కథలకి అది తెలుసా? నేను చదివిన కథల్లో హెచ్‌ఐవి సోకిన స్త్రీ చివరికి చనిపోతుంది, లేదా భర్తని క్షమించి సేవ చేస్తుంది. రాత్రి మాత్ర వేసుకుని, పొద్దున్నే క్యారేజీ కట్టుకుని పనికి పోయే స్త్రీ, మళ్లీ ప్రేమించాలనుకునే స్త్రీ, అత్తింటి వాటా కోసం కోర్టు మెట్లెక్కే స్త్రీ నాకు తారసపడలేదు. ఆమె బతుకుతోంది. రాయాల్సింది మనమే.