పెట్టుబడి భాష మార్చినప్పుడు: ‘ఎరాన్ త్రెసె’

పాత సినిమాల గురించి రాసేవారిలో రెండు ధోరణులు కనిపిస్తాయి. పాతదైతే చాలు, అపురూపమని నెత్తిన పెట్టుకోవడం ఒకటి. ‘నాటకంలా ఉంది’ అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యడం రెండోది. 1931లో అమెరికాలో ఫాక్స్ కంపెనీ స్పానిష్ భాషలో తీసిన ‘ఎరాన్ త్రెసె’ (వారు పదముగ్గురు) అనే డిటెక్టివ్ చిత్రం చూశాక ఈ రెండు ధోరణులూ చాలవని నాకనిపించింది.

కథ ఎర్ల్ డెర్ బిగర్స్ 1930లో ప్రచురించిన నవల. ప్రపంచయాత్రకు బయలుదేరిన సంపన్నుల బృందంలో ఒక వృద్ధుడు లండన్ హోటల్లో హత్యకు గురవుతాడు. హంతకుడు ఆ బృందంలోనే ఉన్నాడు. స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టరు వెంటాడుతూ హోనలూలూ చేరి తుపాకి గుండుకు గాయపడతాడు. అక్కణ్ణుంచి అతని మిత్రుడు, చైనీయుడైన పోలీసు అధికారి చార్లీ చాన్ ఓడ ఎక్కి పని పూర్తి చేస్తాడు.

చిత్రం నిండా గదుల్లో నిలబడి మాట్లాడే మనుషులే. ఒకరు వస్తారు, తమ మాటలు చెప్తారు, వెళ్తారు. కెమెరా ముందు వరసలో టికెట్టు కొనుక్కున్న ప్రేక్షకుడిలా కూచునే ఉంటుంది. ఉత్కంఠ సడలిపోతుంది. ఈ లోపాన్ని దాచవలసిన పనిలేదు. కాని ఈ శిల్పం ఎక్కణ్ణుంచి వచ్చింది?

మూకీని ఏ దేశంలోనైనా అమ్ముకోవచ్చు, మధ్యలో వచ్చే అక్షరాలు మారిస్తే చాలు. మాట రాగానే ఆ సౌకర్యం పోయింది. డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు. స్పానిష్ మాట్లాడే దేశాల మార్కెట్టు చేజారకుండా హాలీవుడ్ కంపెనీలు అవే సెట్లలో వేరే నటులతో అదే కథను మళ్ళీ తీశాయి. ‘ఎరాన్ త్రెసె’ అలాంటి నకలు. విచిత్రమేమంటే, ‘చార్లీ చాన్ క్యారీస్ ఆన్’ అనే అసలు ఇంగ్లీషు చిత్రం నశించింది, నకలు మిగిలింది.

చాన్ పాత్రధారి మాన్యుయెల్ అర్బో మాడ్రిడ్ వాడు. హువాన్ తొరేనా మనీలాలో పుట్టాడు. రౌల్ రూలియెన్ బ్రెజిల్ వాడు. కంపెనీ లెక్కలో ఇదంతా ఒకే భాష, ఒకే మార్కెట్టు. ఈ యాసల కలగాపులగం మీద ఆనాడే ఆ దేశాల పత్రికలు గొడవపడ్డాయి. భాషను సరుకుగా చూసేవాడికి యాస వినిపించదు. మాట్లాడే ప్రజలకు వినిపిస్తుంది.

చాన్ దుష్టుడు కాడు, తెలివైనవాడు, కనుక ఇది అభ్యుదయ పాత్రేనని కొందరంటారు. అర్బో నిదానంగా, మర్యాదగా నటించాడన్నదీ నిజమే. కాని 1926లోనూ 1927లోనూ చాన్ చిన్న పాత్రగా ఉన్నప్పుడు జపాను నటులు వేశారు. 1931లో అదే నాయక పాత్ర అయ్యేసరికి ఇంగ్లీషులో స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్‌కు, స్పానిష్‌లో అర్బోకు దక్కింది. చైనీయుల వలసను నిషేధించిన 1882 చట్టం 1943 దాకా అమలులోనే ఉంది. తెరమీద చైనీయుడు అమెరికా చట్టాన్ని కాపాడుతున్నాడు. ఆ చట్టం చైనీయుణ్ణి దేశంలోకి రానివ్వడం లేదు.

స్పానిష్ వారి సంగతీ అంతే. 1931 ఫిబ్రవరి 26న లాస్ ఏంజెలెస్ ప్లాజాను అధికారులు చుట్టుముట్టి మెక్సికన్లను నిలబెట్టి కాగితాలు అడిగారు. ఆర్థిక సంక్షోభపు భారాన్ని వలస కూలీ మీదికి నెట్టిన రోజులవి. వాళ్ల భాష కావాలి, వాళ్ల టికెట్టు డబ్బు కావాలి, వాళ్లు మాత్రం అక్కర్లేదు. అదే ఏడు, అదే ఊరి పరిశ్రమ ఆ భాషలో వినోదం తయారుచేసింది.

‘ఎరాన్ త్రెసె’ గొప్ప చిత్రం కాదు. అయినా చూడదగినదే. అందులో హంతకుడెవరో తేలడానికి ఎక్కువసేపు పట్టదు. ఆ సినిమా ఎవరి కోసం, ఎవరి లాభానికి, ఎవరి ముఖం అరువు తెచ్చుకుని తీశారో తేల్చడమే అసలు పరిశోధన. ఆ పని డిటెక్టివ్ చెయ్యడు, విమర్శకుడే చెయ్యాలి.