తీర్పులలో హేతుకథనము : ఫ్రెంచి సరణి, ఆంగ్ల సరణి

గోదావరీ తీరమందలి యానాము 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండెను. చుట్టునున్న తెలుగు సీమ ఆంగ్ల న్యాయపద్ధతికి అలవాటుపడినది. ఫ్రెంచి న్యాయాధిపతి స్మృతిని యాంత్రికముగా అన్వయించుననియు, ఆంగ్ల న్యాయాధిపతి పూర్వతీర్పులనుండి ధర్మమును నిర్మించుననియు సాధారణముగా చెప్పుదురు. ఈ అభిప్రాయము పరీక్షకు నిలువదు.

1930 ఫిబ్రవరి 13న ఫ్రాన్సు దేశపు కూర్ ద కసాసియోన్, లారీవలన గాయపడిన బాలిక వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 1804 నాటి పౌరస్మృతికి మోటారు బండి తెలియదు. ఐనను, తన అధీనమందలి వస్తువు చేసిన హానికి మనుష్యుడు బాధ్యుడను నాటి 1384వ అధికరణమును బట్టి, తన తప్పు లేదని రుజువు చేసినంతమాత్రమున ప్రతివాదికి విముక్తి లేదని నిర్ణయించెను. ఇది యాంత్రికమైన అన్వయము కాదు. నూతన ధర్మ నిర్మాణమే. కాని న్యాయాధిపతులు సామాన్య నియమములను శాసింపరాదని ఆ స్మృతియే నిషేధించుటచే, నిర్మాణము వ్యాఖ్యానపు ముసుగున, కొలది పంక్తులలో వెలువడినది.

1932లో ఆంగ్ల ప్రభువుల సభ, పానీయపు సీసాలో నత్త యుండెనను స్కాట్లండు వ్యాజ్యమున అట్టి బాధ్యతనే విచారించెను. ఐదుగురును వేర్వేరుగా హేతువులు చెప్పిరి. ముగ్గురు అంగీకరించిరి, ఇద్దరు విభేదించిరి.

మన శాస్త్ర పరిభాషలో మొదటిది సూత్రము, రెండవది పూర్వపక్ష సహితమైన భాష్యము. ఫ్రెంచి సూత్రమునకును భాష్యము లేకపోలేదు. అది నివేదకుని నివేదికలోను, ప్రభుత్వ న్యాయవాది వాదములోను, పండితుల వ్యాఖ్యలలోను ఉండును. ఓడిన వాని చేతికి వచ్చునది మాత్రము సూత్రమే.

ఈ క్లుప్తతకు లిఖిత స్మృతి కారణమా? 1939 నాటి పాకాల నారాయణస్వామి వ్యాజ్యము కాదని చెప్పుచున్నది. పిఠాపురమునుండి బరంపురమునకు బయలుదేరి హతుడైన వ్యక్తి, ప్రయాణమునకు ముందు భార్యతో చెప్పిన మాట సాక్ష్యమగునా యనునది అందలి ఒక ప్రశ్న. ఆధారము 1872 నాటి సాక్ష్యచట్టము. అనగా లిఖిత స్మృతియే. ఐనను ప్రీవీ కౌన్సిలు పక్షమున లార్డ్ ఆట్కిన్ ఆ సెక్షనులోని పదములను తూచి, మరణశంక లేనప్పుడు పలికిన మాటయు గ్రాహ్యమే యనియు, ఘటనతో సన్నిహిత సంబంధము లేని సామాన్య భయశంకలు గ్రాహ్యములు కావనియు విశదపరచెను. కావున భేదము ధర్మమూలమందు కాదు, వినువానికి ఎంత చెప్పవలయునను ఆచారమందున్నది.

ఆంగ్ల సరణి నిర్దుష్టము కాదు. ఐదు అభిప్రాయములలో కట్టుబాటైన అంశము ఏదియో తేల్చుట న్యాయవాదులకే కష్టము. ఐనను తన వాదమెచ్చట వీగెనో ఓడినవాడు దానినుండి తెలిసికొనగలడు. 2019 అక్టోబరునుండి కూర్ ద కసాసియోన్ తన ఏకవాక్య రచనను విడిచి, ముఖ్యమైన తీర్పులలో హేతువులను విస్తరించుచున్నది. రెండు శతాబ్దుల ఆచారమును ఆ న్యాయస్థానమే సడలించుటనుబట్టి, సూత్రమొక్కటియే చాలదని తేలుచున్నది.