‘మాయాబజార్’లో మాయాశశిరేఖ : వధువు తిరస్కారానికి హాస్యరూపం

‘మాయాబజార్’ (1957) ప్రస్తావన రాగానే మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణంలోని చమత్కారాలు, పింగళి నాగేంద్రరావు మాటల సొగసు ముందుగా గుర్తుకువస్తాయి. వాటి వెలుగులో కె.వి. రెడ్డి తీసింది ప్రధానంగా ఒక పెళ్లి కథ అన్న సంగతి వెనుకబడుతుంది. చిన్ననాడే అనుకున్న సంబంధాన్ని పెద్దలు కాదన్నారు. ఆడపిల్లకు ఇష్టం లేని వరుణ్ణి నిశ్చయించారు. ఆమె ‘వద్దు’ అనే మాటకు ఆ ఇంట్లో చోటెక్కడ? చిత్రంలోని మాయ అంతా ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే.

ఈ కథ వ్యాసభారతంలో లేదు. అక్కడ అభిమన్యుని భార్య ఉత్తర. శశిరేఖ జనశ్రుతిలోనూ రంగస్థలం మీదా పెరిగిన పాత్ర. 1936 నాటికే తెలుగు తెరకెక్కింది. తమిళంలో ఆమె వత్సల. ఇతిహాసం ముందుగా నిర్ణయించి పెట్టిన జీవితం ఆమెకు లేకపోవడం హాస్యానికి కలిసివచ్చింది.

తెలుగు కావ్యసంప్రదాయంలో అద్భుతరీతిన జంటను కలిపే పని హంసది. శ్రీనాథుని శృంగారనైషధంలోనూ, పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలోనూ హంస చేసేది మాటలతో చేసే పని. నాయకుణ్ణి వర్ణించి, వినే కన్య మనసులో కోరికను రగిలిస్తుంది. శుచిముఖి నేర్పంతా వాక్కులోనే ఉంది. ఇంకొక పింగళివారు రాసిన చిత్రంలో (ఇంటిపేరు కలవడం యాదృచ్ఛికమే) హంస లేదు, వర్ణన లేదు. ఆ స్థానంలో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. మూత తెరిస్తే చూసేవారికి ప్రియమైనదేదో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరామునికి దుర్యోధనుడు. హంస ప్రేమను పుట్టిస్తే, పెట్టె ఉన్న ప్రేమను బయటపెడుతుంది. రేవతి నగలు చూసి ప్రేక్షకులు నవ్వుకుంటారు గాని, పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే ఆమె మాట మార్చడానికి కారణం ఆ నవ్వులోనే ముందుగా చెప్పబడింది.

ఎవరూ పుట్టించకపోతే మాటలు పుట్టవన్నది ఘటోత్కచుని వాదం. కొత్త మాటలకు అతడు వీరతాళ్లు వేయిస్తాడు. గిల్పం, గింబళి అతని పరివారపు సృష్టి. అయితే ఇంత సృష్టించే మాయ ఎక్కడా ఎవరి మనసునూ మార్చదు. వశీకరణం తేలికైన ఉపాయమే. లక్ష్మణకుమారుడే శశిరేఖను వద్దనుకునేలా మంత్రిస్తే కథ ఒక్క రీలులో ముగిసేది. చిత్రం ఆ దారి తొక్కలేదు. మాయకు అప్పగించినవి విడిది, విందు, వేషం. అంటే పెళ్లి తంతు. తంతును చెడగొట్టడం ద్వారానే అది మనసుల పక్షం వహిస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. తన పెళ్లి కోసం ఇంత జరుగుతుంటే శశిరేఖ ఏం చేస్తున్నది? ఘటోత్కచుడు ఆమెను నిద్రలో ఉండగానే పాన్పుతో సహా ఆకాశమార్గాన తీసుకుపోతాడు. ఆమెకు మేలు చేసేవారు కూడా ఆమెను అడగరు. ద్వారకలో ఆమె స్థానంలో నిలిచి పెళ్లిని తిప్పికొట్టేది రాక్షసుడు. వధువు తిరస్కారాన్ని చిత్రం వధువు చేతికి ఇవ్వలేదని, గడుసుతనమంతా మారువేషంలోని మగవాడికే కట్టబెట్టిందని ఆక్షేపించవచ్చు. కథాసారాంశం మేరకు ఆ ఆక్షేపణ సరైనదే.

తెర మీద మాత్రం ఆ రెండు పాత్రలూ సావిత్రివే. ఒంటరిగా ఉన్నప్పుడు మగనడక, ఎవరైనా రాగానే వయ్యారం. పాటలో ఆడగొంతు నడుమ ఉన్నట్టుండి ఘటోత్కచుని గొంతు. ఇవన్నీ ఒకే దేహంలో జరుగుతాయి. లోపలున్నది ఘటోత్కచుడని ప్రేక్షకుని బుద్ధికి తెలుసు. కన్ను చూసేది పెళ్లికూతురి అలంకారంలో ఉన్న శశిరేఖనే. పాణిగ్రహణవేళ వరుని చేయి నలిగేలా పట్టుకున్నదీ, అతని పాదాన్ని తొక్కిపట్టిందీ ఆమె చేయే, ఆమె కాలే. కులకన్యకు తగదనే పనులన్నీ ఆ రూపంతోనే చేయించి, అది ఆమె కాదన్న సాకుతో చిత్రం ఆమెను నిందకు దూరంగా ఉంచింది. ఈ సాకు పిరికితనం కాదు, పందిట్లోకి తిరస్కారాన్ని తేగలిగిన ఒకే ఒక ఉపాయం.

పీటల మీది తారుమారు ఇంకా లోతైనది. మాయాశశిరేఖ భయంకరరూపాలు లక్ష్మణకుమారునికే కనిపిస్తాయి. అతడు మొత్తుకుంటే పెద్దలకు అది వెర్రిగా తోస్తుంది. అటువంటి పందిట్లో మాట చెల్లనిది సాధారణంగా వధువుకు. ఆమె భయాన్ని సిగ్గనీ, ఏడుపును ఆనవాయితీ అనీ సర్దిచెబుతారు. ఇక్కడ ఆ నిస్సహాయత వరునికి బదిలీ అయింది. రేలంగి అరుపులకు హాలంతా నవ్వుతున్నప్పుడు, ఇష్టం లేని పెళ్లిలో నోరు పెగలని స్థితి ఎలా ఉంటుందో ఒక మగవాని ముఖంలో చూస్తూ నవ్వుతున్నది.

గుట్టు విప్పడానికి చిత్రం మళ్లీ ఒక వస్తువునే ఆశ్రయించింది. సత్యపీఠం మీద నిలబడ్డ శకుని కౌరవుల అసలు ఉద్దేశాన్ని కక్కుతాడు, బలరాముని కోపం కౌరవుల మీదికి మళ్లుతుంది. ఆయనను కదిలించినది తాను మోసపోయానన్న ఎరుక. కూతురి ఇష్టం ఏమిటన్నది ఆ నిండు సభలో ఎవరూ అడగలేదు. అప్పటికే ఆమె మెడలో అభిమన్యుడు కట్టిన తాళి ఉంది.