నిషేధం నుండి తొలగింపు దాకా: కారణం తెలుసుకునే హక్కు

ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా వావిళ్ళవారు 1910లో ప్రచురించారు. అశ్లీలమన్న ఆరోపణపై నాటి ప్రభుత్వం దానిని నిషేధించింది. 1947లో నిషేధం ఎత్తివేశారు. ఆరోపణ బహిరంగంగా ఉన్నందువల్లనే పండితులు దానికి ప్రతివాదం చేయగలిగారు.

నేడు సామాజిక మాధ్యమాలలో ఆ నిర్ణయం తరచుగా తొలుత యంత్రానిది. యంత్రం పదాన్ని గుర్తిస్తుంది. అది ప్రబంధంలోనిదా, దూషణలోనిదా అన్న సందర్భాన్ని తేల్చడం దానికి కష్టం. 2021 ఐటీ నియమాలలోని 4(8) ప్రకారం, పెద్ద మాధ్యమ సంస్థలు తమంత తాముగా పోస్టును తొలగించే ముందు వాడుకరికి కారణం తెలిపి, వాదించే అవకాశం ఇవ్వాలి. అయితే ‘నిబంధనల ఉల్లంఘన’ అన్న ఒక్క మాట కారణం కాజాలదు. ఏ పదం, ఏ అర్థంలో దోషమో చెప్పినప్పుడే రచయిత సమాధానమివ్వగలడు, విమర్శకుడు ఆ తీర్పును పరీక్షించగలడు. అట్టి వివరణ లేనిచోట రేపటి పరిశోధకునికి ‘రాధికా సాంత్వనము’ వివాదం వంటి చరిత్ర మిగలదు.